దేవుని పిడికెడు

కుడతినిలో చర్చి వీధి అని ఒకటి ఉంది. పేరుకు చర్చి వీధే గాని అందులో చర్చికి పోయే ఇళ్ళు చాలా తక్కువ. ఆ కొద్ది ఇళ్ళలో తాతల నాటి అలవాటు ఒకటి ఇంకా నడుస్తోంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. దాన్ని దేవుని పిడికెడు అంటారు. ఇంట్లో సన్నబియ్యం ఉంటే సన్నబియ్యం, రేషన్ బియ్యం ఉంటే రేషన్ బియ్యం. ఆదివారం ఆ డబ్బా తీసుకుపోయి చర్చిలో బల్ల ముందున్న గంపలో పోస్తారు. పాస్టరుగారి ఇల్లు ఆ గంప మీదే గడుస్తుంది, మిగిలింది ముసలీముతకకు పోతుంది. అన్ని ఇళ్ళ బియ్యం కలిసిన అన్నం ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉడుకుతుంది. పాస్టరమ్మకు వంట రాదని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది.

దురుగమ్మకు ఈ అలవాటు పుట్టింటి నుంచి వచ్చింది. ఆమెను కన్నవాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. బాప్తిస్మంలో ఆమెకు విశ్రాంతమ్మ అని పేరు పెట్టారు. పెట్టిన అయ్యగారు ఏ ధ్యాసలో ఉన్నాడో తెలియదు గాని, ఆ పేరు పెట్టించుకున్న నాటి నుంచి ఆమె నడుం వాల్చింది లేదు. చలికాలం మిరపకాయలు కోయడం, ఎండాకాలం పొలాల్లో పనిలేక ఆటో ఎక్కి బళ్ళారి పోయి జీన్స్ ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించడం, వానలు పడితే నాట్లు, ఆ వెనకే కలుపు, ఆ వెనకే పత్తి. కాలం మారితే పని మారుతుంది గాని నడుం నొప్పి మారదు. ఊళ్ళో అందరికీ ఆమె దురుగమ్మే. విశ్రాంతమ్మ చర్చి రిజిస్టరులో మాత్రం హాయిగా ఉంది.

ఆమె మొగుడు కొట్రేశ్‌ది హులిగెమ్మ అమ్మవారిని కొలిచే ఇల్లు. పెళ్ళాం నమ్మకానికి అతను ఏనాడూ అడ్డు చెప్పలేదు. అలాగని చర్చి లోపలికి అడుగు పెట్టిందీ లేదు. ఆదివారం బండి మీద గేటు దాకా దింపి, ప్రార్థన అయ్యేదాకా ఎదురుగా టీ అంగడి బల్ల మీద బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఆమె పిడికెడు తీసినప్పుడల్లా మీ దేవునికి ఊట చాలదా ఏందే, అంటే తిండి చాలదా అని ఆటపట్టించేవాడు. ఆమె కూడా మీ అమ్మకు యాట కావల్ల, మా దేవునికి పిడికెడు చాలు అని తగిలించేది. అట్లా నవ్వుకుంటూనే ఇన్నేళ్ళూ గడిచాయి. ఒక్కగానొక్క కూతురు నేత్రావతికి పెళ్ళి చేసి కూరెకుప్పకు పంపారు.

కిందటేడు దసరా ముందు కొట్రేశ్ కుడిపక్క పడిపోయింది. కట్టడం పని నుంచి వచ్చి, చెంబుతో నీళ్ళు తాగుతూ చెంబు జారవిడిచాడు, ఆ చెంబు తీసుకోవడానికి వంగి మళ్ళీ లేవలేదు. బళ్ళారి ఆసుపత్రిలో పది రోజులుంచి పంపించారు. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. మాట ముద్దగా వచ్చేది. అన్నిటికంటే సులువుగా అతని నోట పలికిన మాట ‘సాకు’. అంటే కన్నడంలో చాలు అని. అన్నం పెడితే సాకు, కాళ్ళు పిసికితే సాకు, ఎవరైనా వచ్చి ఎక్కువసేపు జాలిపడితే ముఖం తిప్పుకుని సాకు.

ఎడమచెయ్యి బాగానే ఉంది. కానీ దానితో అన్నం తినడానికి అతను ఒప్పుకోలేదు. ఎడమచెయ్యి కడుక్కోవడానికని అందరికీ తెలుసు, ఆ చేత్తో ముద్ద నోట్లో పెట్టుకోవడం అతని ప్రాణానికి రాలేదు. చెంచా ఇస్తే విసిరేశాడు. ఆకలితో ఉంటాను గాని ఆ చేత్తో మాత్రం తినను అన్నట్టు పెదవులు బిగించేవాడు. దాంతో పొద్దునా రాత్రీ ప్రతి ముద్దా దురుగమ్మే కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చింది. మధ్యాహ్నం అతని అక్క ఉచ్చంగెమ్మ పక్క వీధి నుంచి వచ్చి పెట్టిపోయేది. పొలంలో పగలంతా వంగి, ఇంటికొచ్చి ఇంకో మనిషి నమిలేదాకా ముద్ద పట్టుకుని కూర్చోవడం ఎంత అలసటో, చేసినవాళ్ళకు తప్ప తెలియదు. ఆమె చేతిలో ముద్ద ఉండగానే కునుకు తీసిన రోజులున్నాయి.

ఆ ఉచ్చంగెమ్మకు ఒక అభిప్రాయం ఉంది. ఇంటి కోడలు హులిగెమ్మ జాతరకు రాకపోవడం వల్లే అమ్మకు కోపం వచ్చి తమ్ముణ్ణి పడగొట్టిందని. చర్చి పెద్ద పాపన్నకు ఇంకో అభిప్రాయం ఉంది. కొట్రేశ్ మారుమనసు పొందలేదు కాబట్టే దేవుడు ఇంకా లేపలేదని. ఆయన ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చి మంచం చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన చేసి, క్రిస్మసుకల్లా నడుస్తావప్పా అని చెప్పి పోయాడు. క్రిస్మసు వచ్చింది, పోయింది. ఉచ్చంగెమ్మకూ పాపన్నకూ మాటల్లేవు, కానీ తప్పు దురుగమ్మదే అన్న దగ్గర ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు.

ఎండలు మొదలయ్యే వేళకు, ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు వచ్చాయి. భస్మ బుధవారం నాడు పాస్టరుగారు నుదుట బూడిద పెట్టారు. బూడిద ఇటుకల లారీలు రోజంతా తిరిగే రోడ్డు పక్కన బతికేవాళ్ళకు మనిషి బూడిదేనని కొత్తగా గుర్తు చేయాల్సిన పనిలేదు, అయినా దురుగమ్మ తల వంచి పెట్టించుకుంది. నలభై రోజులూ ఒంటిపూట ఉండాలని మొదట్లో అనుకుంది. ఉపవాసం ఉండి దారాలు కత్తిరించే దగ్గర కళ్ళు తిరిగి పడ్డాక ఆ ఆలోచన మానుకుంది.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో కూర్చుంది. పైన ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఒక్కొక్కటీ చెబుతుంటే రెండో మాటకే ఆమెకు నిద్ర పట్టింది, దాహం అన్న ఐదో మాట దగ్గర పక్కనున్న హొన్నమ్మ మోచేత్తో పొడిచి లేపింది. ఇంటికొచ్చేసరికి ఉచ్చంగెమ్మ రాలేదు. కొట్రేశ్ పక్క తడిపేసుకుని, ఆకలితో, ఈగలు ముసురుతుంటే గోడవైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. ఆమె అతన్ని తుడిచి, బట్ట మార్చి, అన్నం పెట్టి, విడిచిన గుడ్డలు వాకిట్లో కొళాయి కింద వేసి సబ్బు పెట్టింది. గుడ్డలు పిండుతూ పిండుతూ, మోకాళ్ళూనకుండా, కళ్ళు మూయకుండా, పక్కింటామెతో మాట్లాడినట్టు దేవునితో అంది.

“లేపితే లేపు. లేదంటే తీస్కపో. నాతో ఇంగ కాదు.”

అన్నాక ఆమెకే భయమేసింది. చుట్టూ చూసింది, వీధిలో ఎవరూ లేరు. సబ్బు నురగ కడుక్కుని లోపలికి వచ్చింది. ఆదివారం ఈస్టరు. అందరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఆయన లేచాడు అని చెప్పుకున్నారు, దురుగమ్మ కూడా చెప్పింది. ఇంట్లో లేవనివాణ్ణి వదిలి వచ్చిన మనిషి నోట ఆ మాట ఎంత బరువుగా పలుకుతుందో ఎవరూ గమనించలేదు.

వానలు పడ్డాక కాలువకు నీళ్ళొదిలారు. నాట్లు మొదలయ్యాయి. పొద్దున చీకటితో లేచి వంట చేసి, సాయంత్రం ఎసటికి కావలసిన బియ్యం చాటలో పోసి కొట్రేశ్ ముందు పెట్టి పోయేది. రేషన్ బియ్యంలో మట్టి పెళ్ళలు, రాళ్ళు ఉంటాయి. ఎడమచేతికి ఏదో ఒక పని ఇస్తుండమని ఆసుపత్రిలో చెప్పారు, అందుకని ఆ బియ్యం ఏరడం అతనికి అప్పగించింది. మంచం పక్కన చాప మీద గోడకానుకుని కూర్చుని అతను సాయంత్రం దాకా ఏరేవాడు. ఏరే పనికి ఎడమచెయ్యి పరవాలేదని అతని లెక్క.

అట్లాంటి ఒక సాయంత్రం, మోకాళ్ళ దాకా బురదతో వచ్చి చాటలో బియ్యం తీసి కడిగి ఎసట్లో పోసేసింది దురుగమ్మ. పోశాక గుర్తొచ్చింది, పిడికెడు తీయలేదని. పెళ్ళయినాక ఎప్పుడూ మర్చిపోలేదు. రేపు రెండు పిడికిళ్ళు వేద్దామనుకుంది. మర్నాడు బియ్యం దగ్గర చేయి ఆగింది. గుడ్ ఫ్రైడే నాడు అంత మాట అడిగి, ఇప్పుడు పిడికెడు బియ్యం ఇవ్వడమంటే లంచం ఇచ్చినట్టు అనిపించింది. ఇవ్వలేదు. మర్చిపోయింది ఒక్కరోజే, ఆ తర్వాతివన్నీ గుర్తుండి మానినవే. డబ్బా ఎదురుగా ఉంటే దాని మీద పెయింటుతో వేసిన సిలువ కళ్ళల్లో పడుతోందని, దాన్ని మంచం కిందికి తోసేసింది.

ఖాళీ చేతులతో చర్చికి పోవడానికి మనసొప్పలేదు. ఆయన్ను ఒక్కణ్ణే వదిలిపెట్టి రాలేకపోతాండా అని పాస్టరమ్మకు కబురు చెప్పింది. అది నిజమే. నిజమే అయినా కారణం అది కాదు. ఆదివారం చర్చి గంట కొట్టినప్పుడు ఆమె గిన్నెలు కొంచెం గట్టిగా తోమేది.

ఆ తర్వాతే కొట్రేశ్ తిండి తగ్గింది.

అంతకుముందు సాయంత్రం కంచం ఊడ్చేవాడు. ఇప్పుడు సగానికే తల తిప్పుకుని సాకు అంటున్నాడు. ఇంకో ముద్ద తిను ప్పా అంటే పెదవులు బిగిస్తున్నాడు. దానికి తోడు అన్నం కూడా ఒదగడం లేదు. కొలిచి పోసిన బియ్యమే, అయినా గిన్నెలో అన్నం కొంచెం తక్కువే కనిపిస్తోంది. కొత్త బియ్యం కదా, ఒదుగు ఉండదులే అనుకుందామె. కొట్రేశ్ మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి. అతను వదిలేసిన సగం తను తింటూ ఒక సాయంత్రం దురుగమ్మకు గుడ్ ఫ్రైడే నాటి మాట గుర్తొచ్చింది. అడిగింది కదా తను, లేపు లేదంటే తీసుకుపో అని. లేపలేదు. మరి ఇది రెండోది.

మనిషి కోరింది దేవుడు ఇయ్యకపోతే ఏడవడం ఆమెకు తెలుసు, చిన్నప్పటి నుంచి అలవాటే. ఇస్తున్నాడని భయపడి చావడం ఇదే మొదలు. వద్దు, ఆ మాట వెనక్కి తీసుకుంటా అని చెప్పాలంటే మళ్ళీ ఆయన ముందుకే పోవాలి. ఏ ముఖం పెట్టుకుని పోతుంది. పొలంలో కలుపు తీస్తూ పెదవుల దాకా తెచ్చుకునేది, అక్కడే మింగేసేది. ఆమె కూలి పోగొట్టుకుని అతన్ని ఆటోలో బళ్ళారి తీసుకుపోయింది. డాక్టరు బీపీ చూసి, రక్తం చూసి, అంతా బాగానే ఉందన్నాడు. మరి తిండెందుకు తినడంలేదని అడిగాడు. ఎందుకో దురుగమ్మకు తెలుసు, కానీ అది డాక్టరుతో చెప్పే సంగతి కాదు. కొట్రేశ్ తల తిప్పుకుని సాకు అన్నాడు. ఆకలి పుట్టడానికని ఒక సీసా రాసిచ్చారు.

సీసా అయిపోయింది. వానలూ అయిపోయాయి. పత్తి తీసే కాలం వచ్చింది, పొద్దున్నే మంచు పడుతోంది, వరి కోతలు మొదలయ్యాయి. అతను సగం తిని సాకు అంటూనే ఉన్నాడు. రాత్రిళ్ళు ఆమె చెయ్యి చాపి అతని రొమ్ము కదులుతోందా లేదా అని చూసుకునేది. పగలు పనికి పోతే ఇంటి నుంచి ఎవరైనా పరుగెత్తుకొస్తున్నారేమో అని కాలువ గట్టు వైపే చూసేది. ఆమె అంత అలసిపోయి ఏ కాలంలోనూ లేదు.

కోతల పండుగ ఆదివారమనగా గురువారం నాడు పాస్టరమ్మ సౌభాగ్య ఇంటికి వచ్చింది. దురుగమ్మ కంటే చాలా చిన్నది, ఆదోని వైపు పిల్ల, చంకలో ఒక బిడ్డ, చెయ్యి పట్టుకుని ఒక బిడ్డ. ఆమె వచ్చి వాక్యం చెబుతుందని, ఎందుకు రావడంలేదని నిలదీస్తుందని దురుగమ్మ భయపడింది. సౌభాగ్య అవేవీ చేయలేదు. గడప మీద కూలబడి, కొంచెం నీళ్ళియ్యక్కా అంది. తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత, పండక్కి రాక్కా అని పిలిచింది. రాలేను, నాకు ప్రార్థన పోయిందమ్మగారూ అని దురుగమ్మ ఉన్న మాట చెప్పేసింది.

“నాకూ పోతాది అక్కా అప్పుడప్పుడు. అప్పుడు గంపలో బియ్యం ఏరుకుంటా కూచుంటా. ఇది ఫలానా ఇంటిది, ఇది ఫలానా ఇంటిది అని. అందురి మొగాలు కనపడతాయి. అంతకు మించి నాతోనూ కాదు,” అంది సౌభాగ్య. లేచేటప్పుడు, మీ ఇంటి బియ్యం కనపడక శానా దినాలాయె అని మాత్రం అంది.

ఆమె వీధి మలుపు తిరిగాక దురుగమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. ఆ డబ్బా చర్చిది. వెయ్యనప్పుడు ఇంట్లో ఉంచుకోవడం తప్పు. తీసుకుపోయి అప్పగించేస్తే ఒక బరువు తీరిపోతుంది. వంగి మంచం కిందికి చెయ్యి పెట్టి డబ్బా అంచు పట్టుకుని లాగింది. ఖాళీ డబ్బా అనుకుని లాగిన చెయ్యి జారి వచ్చింది. డబ్బా కదలలేదు.

రెండు చేతులా పట్టి ఈడ్చింది. మూత తీసి చూసింది. అంచు దాకా బియ్యం. ఏరిన బియ్యం, ఒక్క రాయి లేదు. చెయ్యి లోపలికి పోనిస్తే అడుగున ముక్కపురుగు పట్టింది, పైన ఉన్నవి నిన్నా మొన్నటివిలా తెల్లగా ఉన్నాయి. దురుగమ్మ నేల మీద కూర్చుండిపోయింది. చాప మీద గోడకానుకుని కొట్రేశ్ చాట ముందు పెట్టుకుని ఉన్నాడు. అతని ఎడమచెయ్యి బియ్యంలో ఆగిపోయింది. దొరికిపోయినవాడిలా చూశాడు.

ఎవరు వేశారని ఆమె అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఎందుకు వేశావప్పా, మా దేవుడు నీకు దేవుడు కాడు కదా అని మాత్రం అడిగింది. అతను చాలాసేపు మాటలు కూడగట్టుకున్నాడు. ఒక్కొక్క మాటా ముద్దముద్దగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

“నువ్వు మర్చిపోతాండావు అనుకొంటి. యాష్టపోయి వస్తాండావు గదా. రేపు మీ వోళ్ళ ముందర నీకు చిన్నతనం ఐతాదని.”

“మరి నువ్వు సగం తిని సాకు అంటివే.”

“పిడికెడు ఈడ తగ్గితే, ఆడ నీ కంచంలో తగ్గుతాది. అందుకే సాకు అంటి.”

దురుగమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అన్నం ఒదగకపోవడం, అతని మెడ ఎముకలు, డాక్టరు సీసా, పొలంలో మింగేసిన మాటలు, అన్నీ ఒక్కసారి అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దేవుడు ఇన్ని నెలలూ ఆమె మాట వినలేదు. అంతకంటే మంచి సంగతి ఆమె జీవితంలో ఇంకోటి లేదు. ఏడుస్తూనే, నీకు తెల్దు ప్పా, నేనేం అడిగినానో నీకు తెల్దు అంది.

“తెల్సు,” అన్నాడు కొట్రేశ్. “గుడ్డలు పిండతా నల్లి కాడ అన్న్యావు గదా. ఈడికి వినపడె.” ఆమె కొంగు తీసి అతని వంక చూసింది. అతని ముఖంలో కోపం లేదు. నోటి ఎడమ కొస మాత్రం కొంచెం పైకి లేచింది. “నేనూ అదే అడగతాంటి. మా అమ్మను. ఇద్దురూ ఇనల్యా మే.”

ఏడుస్తున్న మనిషికి నవ్వు వస్తే అది చూడడానికి బాగుండదు, ముక్కు కారుతుంది. దురుగమ్మ అట్లాగే నవ్వింది. అతను కూడా సగం ముఖంతో నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగి, తన ఎడమచేతి వంక చూసుకున్నాడు. ఇన్ని రోజులూ మనసులో పెట్టుకున్నది అప్పుడు బయటికి వచ్చింది.

“ఎడంచేత్తో యేసినా. ఇంగో చెయ్యి ల్యా గదా. తీసుకుంటాడా?”

చర్చిలో కానుక గాని, చందా గాని, చివరికి పక్కవాళ్ళకు పాటల పుస్తకం గాని ఎవరూ ఎడమచేత్తో ఇవ్వరు. చిన్నపిల్లలు ఎడమచెయ్యి చాపితే నెత్తిన మొట్టుతారు. తీసుకుంటాడని నోటిమాటగా చెప్పేస్తే అతను నమ్మడు, ఎందుకంటే ఆమెకే తెలియదు. చాట తీసుకుని వాకిట్లో ఎండలో కూర్చుని, డబ్బా బియ్యమంతా వొంపుకుని, పురుగు పోయేదాకా చెరిగింది. సాయంత్రం కొళాయి దగ్గర గిన్నెలు తోముతూ, ఆ దినం అడిగింది వొద్దు, మర్చిపో అని దేవునితో చెప్పింది. అంత తేలిగ్గా చెప్పగలిగే మాటను ఇన్ని నెలలు మోసిందా అని తన మీద తనకే విసుగొచ్చింది.

ఆదివారం చర్చి నిండా కోత వాసన. వరి కంకులు గుమ్మానికి కట్టారు, జొన్న కట్టలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు బల్ల ముందు ఉన్నాయి. ఆ దినం గంప బియ్యం పాస్టరుగారి ఇంటికి పోదు. అందరి పిడికిళ్ళూ ఒక్క గుండిగలో పోసి వండి, అందరూ కూర్చుని తింటారు. ఆడవాళ్ళు వరసగా వచ్చి డబ్బాలు వంచుతున్నారు. గంప ఒక పక్క సౌభాగ్య పట్టుకుంది, ఇంకో పక్క పాపన్న నిలబడి ఉన్నాడు.

దురుగమ్మ వంతు వచ్చింది. ఆమె డబ్బాను చంక కింద ఇరికించుకుని మూత తీసి, ఎడమచేత్తో ఒక పిడికెడు తీసి గంపలో వేసింది. వెనక ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. పాపన్న నొచ్చుకుంటూ, గొంతు తగ్గించి, విశ్రాంతమ్మా, కుడిచెయ్యి పెట్టమ్మా, దేవుని సన్నిధి ఇది అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు, ఆయనకు నేర్పింది అదే. దురుగమ్మ ఇంకో పిడికెడు తీసింది, ఎడమచేత్తోనే.

“మా ఇంటాయనకు ఉండేది ఇదే చెయ్యి పెద్దాయనా. ఇవి ఆయన యేసిన బియ్యం,” అంది.

పాపన్న చూపు తిప్పుకున్నాడు. సౌభాగ్య చంకలో బిడ్డను కిందికి దింపి, గంపను రెండు చేతులతో ఎత్తి దురుగమ్మ డబ్బాకు దగ్గరగా పట్టింది. బియ్యం ఎక్కువే ఉన్నాయి, పిడికిలి పిడికిలిగా వేసేసరికి చాలాసేపు పట్టింది. పాట అయిపోయి హార్మోనియం ఆగినా దురుగమ్మ వేస్తూనే ఉంది. అయ్యేదాకా సౌభాగ్య గంప దించలేదు. ఒక దశలో దాని అడుగున ఇంకో చెయ్యి కూడా వచ్చి ఆసరా పట్టింది. అది పాపన్నది.

విందుకు కూర్చోకుండా, టిఫిను డబ్బాలో అన్నం, పప్పు, ఒక ముక్క కూర పెట్టించుకుని దురుగమ్మ ఇంటికి వచ్చేసింది. మధ్యాహ్నం ఎండ మెత్తగా ఉంది. కొట్రేశ్ గుమ్మం వైపే చూస్తూ ఉన్నాడు. ఆమె ఖాళీ డబ్బాను అతని ముందు బోర్లించి చూపించింది. ఒక్క గింజ కూడా రాలలేదు.

“ఎడంచేత్తోనే యేసొచ్చినా. తీసుకునె,” అంది.

అతను ఆమె ముఖం వంక చాలాసేపు చూశాడు, అబద్ధమేమో అని వెతికినట్టు. తర్వాత తల ఊపాడు. ఆమె కంచంలో అన్నం పెట్టి పప్పు కలిపింది. ఆ అన్నంలో సన్నబియ్యం ఉంది, రేషన్ బియ్యం ఉంది, ఒక మెతుకు మెత్తన, ఒక మెతుకు పలుకు. ఎప్పటిలా ముద్ద చేసి అతని నోటి దగ్గరికి చెయ్యి చాపింది. కొట్రేశ్ నోరు తెరవలేదు.

అతను తన ఎడమచేత్తో ఆమె చేతిని పక్కకు జరిపాడు. కంచాన్ని తనవైపు లాక్కున్నాడు. వంకరటింకరగా, మెతుకులు చాప మీద రాలుస్తూ, ఎడమచేత్తో ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. తలెత్తి ఆమె వంక చూడలేదు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. గడ్డం మీద పప్పు కారింది, తుడవబోయి దురుగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడాది తర్వాత ఆమె చేతులకు అన్నం వేళ పని లేకుండా పోయింది. వాటిని ఏం చేయాలో తెలియక ఒడిలో పెట్టుకుని, గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారచాపి కూర్చుంది. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. ఇక సాకు అంటాడు అనుకుంది. కంచం నేల మీద గీసుకుంటూ ఆమె వైపు జరిగిన చప్పుడైంది.

“ఇంగ కొంచెం పెట్టు మే,” అన్నాడు కొట్రేశ్.